అత్తమ్మ వంచని చెంబు

మా అత్తగారిల్లు వరంగల్ బజార్ల కింది కొసకు ఉండేది. కింది కొస అంటే ఏందో మీది కొసోళ్లకు ఎన్నటికి సమజ్ కాదు. ఆళ్లు పొద్దున లేచి మొఖం కడుగుతరు, బోళ్లు తోముతరు, బట్టలు పిండుతరు, ఆ నీళ్లన్ని వాకిట్లకు గుమ్మరిచ్చి తలుపు పెట్టుకుంటరు. ఆళ్లకాడికి ఆ ముచ్చట ఒడిసింది. ఆ నీళ్లు బజారంత పారుకుంట, అందరి ఇండ్ల మురికి కలుపుకుంట, మా ఇంటి గోడకాడికి వచ్చి ఆగేటియి. అవుతలికి పోయే తొవ్వ లేదు. మోరీ అన్నదే లేకుండె. అక్కడ్నే నిలిచి నల్లగయ్యి, మీద పచ్చటి పొర కట్టి, దోమలు ముసిరేటియి. దేవునికాడ ఊదుబత్తి ముట్టిచ్చినా ఇంట్ల ఆ వాసనే. మా నాయినది కాశిబుగ్గల నూలు దుకాణం. అక్కడ పొద్దంత మగ్గాల సప్పుడుకు చెవులు దిమ్మెక్కేటియిగని ఈ కంపు లేకుండె. పెండ్లయి వచ్చిన కొత్తల అన్నం ముందట కూసుంటె నాకు ఏడుపొచ్చేది.

ఆ గోడకు ఇవుతల పక్కనే మా చేదబాయి. తాతలనాటి రాతి బాయి. నీళ్లు తేటగ, సల్లగ ఉండేటియి. అవుతలి మురికి లోపల్లోపల ఇంకి ఇటు దిగుతదని ఎవలు అనుకున్నరు? కండ్లకు మంచిగ కనవడ్డయి, తాగినం.

నాకొక ఆడిబిడ్డ ఉండె. నా ఈడుదే. పెండ్లి కుదిరింది, లగ్గం పెట్టుకునుడే తక్కువ. ఆ ఇంట్ల నాకు దొరికిన ఒక్కగానొక్క దోస్తు ఆమె. నేను కూర మాడగొడితె 'నేనే మాడగొట్టిన' అని తను తిట్లు తినేది. నా జడల పూలు గుంజుకొని తను పెట్టుకునేది. 'మా అన్నకు పూలు కనవడయి, నువ్వు కనవడవు, బెల్లం దిమ్మెలే కనవడ్తయి. నీకెందుకే ఇయ్యి?' అని ఎక్కిరిచ్చేది. నేను ఆమె ఎంట పడి ఉరికితె బాయి సుట్టు తిరిగి దొరకకుండ నవ్వేది.

ఆ యేడు వానలు మొదలుపడంగనే బజార్ల గత్తర, వాంతులు బేదుల రోగం వచ్చింది. పొద్దున నాతోని నవ్వుకుంట నీళ్లు చేదిన పిల్ల, మాపటికి మంచం పట్టింది, తెల్లారేసరికి పాణం ఇడిసింది. దవాఖాన డాక్టరు వచ్చి ఇల్లంత చూసిండు, బాయిలకు తొంగి చూసిండు, గోడ అవుతలికి పోయి శానసేపు నిలవడ్డడు. మా మామ దిక్కు తిరిగి, "సేఠ్, ఇయ్యి మీ బాయి నీళ్లు కావు. బజారంత కడిగిన నీళ్లు మీరు తాగుతాన్రు" అన్నడు. మేమందరం అయ్యే నీళ్లు తాగినం. ఆమె ఒక్కతే పోయింది. అట్ల ఎందుకయిందో నాకు ఇప్పటికి అంతు పట్టదు. పట్టినా ఏం లాభం?

అప్పటి సంది ఆ బాయి నీళ్లు కాళ్లు చేతులు కడుక్కునుడుకు, వాకిలి చల్లుడుకు. తాగే నీళ్లు మీది కొసకు ఉన్న ఒక షావుకారింటి బాయి నుంచి మోసుకొచ్చుకునేది. ఆ ఇంటామె మేం పోయినప్పుడల్ల, "మా బాయి ఎండగొట్టేటట్టున్నరు కద" అని నవ్వుకుంటనే అనేది. నాకు ఒళ్లు మండేది. మీ బోళ్లు కడిగిన నీళ్లు మా నెత్తిన పోసి, రెండు బిందెల మంచినీళ్లకు గింత గునుస్తవా అని నోటిదాక వచ్చేది. అత్తమ్మ నా కొంగు పట్టి గుంజేది. దారి పొడుగున నేను గులుగుతాంటె ఆమె ఏమనకపోయేది.

అత్తమ్మ ఏమనదు. అదే నాకు బుగులు. బిడ్డె పోయిననాడు నలుగురు పట్టుకొని ఏడుస్తాంటె ఆమె కండ్లు ఎండిపోయినట్టు కూసున్నది. తరువాత కూడ ఎన్నడు ఏడువలే. బిడ్డె పేరు ఎత్తలే. ఎవలన్న ఎత్తబోతె లేచి వంటింట్లకు పోయేది.

తరువాత నాకు బిడ్డె పుట్టింది. మామ తన బిడ్డె పేరే పెట్టిండు. అందరు ఆ పేరుతోనే పిలిచేది. అత్తమ్మ మాత్రం 'ఓ పిల్లా', 'ఓ బంగారం', కోపమొస్తె 'ఓ కోతీ'. తొట్టెల ఊపుకుంట పాట పాడేదిగని ఆ పాటల కూడ పేరు రానియ్యకపోయేది. నేను మొదట్ల నా మీద కోపం అనుకున్న, నా బిడ్డె మీద ప్రేమ లేదేమో అనుకున్న. కాదు. ఆ పిల్ల పాకుకుంట బాయి దిక్కు పోతె అత్తమ్మ చేతిల పని ఇడిసి ఉరికేది. తడి చెయ్యి నోట్ల పెట్టుకుంటె ఏలు పెట్టి తీసి, కొంగుతోని నోరంత తుడిచేది. వానలు వస్తానయంటె మా ఇంట్ల అందరికి ఒకటే ఫికర్. ఆ మురికి గోడ దాటి లోపలికి వస్తది, ఈ పిల్ల ఎటు పాకుతదో, ఏది నాకుతదో.

మామకు ఆ ఫికర్ కడుపుల పడి పిచ్చోలె పట్టుకున్నది. బెల్లం, చింతపండు అమ్ముకునే మనిషి, తన దుకాణం తను తప్ప ఎరుగనోడు, ఊరి సఫాయి చూసే బల్దియా దఫ్తర్ మెట్లు అరిగేటట్టు తిరిగిండు. మోరీ కట్టుండ్రి అంటె ఆళ్లు పైసల్లేవన్నరు. బజారోళ్లమే చందాలేసి ఇస్తమంటె హుకుం లేదన్నరు. హుకుం ఎవలిస్తరంటె పట్నం దిక్కు చూపిచ్చిన్రు. ఇగ మామ రైలెక్కి పట్నం పోవుడు మొదలువెట్టిండు. పట్నంల కానూన్లు చేసే కౌన్సిల్ ఉంటది, అండ్ల మెంబర్లుంటరు, ఆళ్ల ఇండ్ల ముందట పొద్దుగూకేదాక కూసునేది. ఉర్దూల దరఖాస్తు రాయిచ్చుకొని పోయేది. ఒకలు దొరికితె ఒకలు దొరకపోయేది. బజార్ల ఆయనను 'మోరీ సేఠ్' అనుడు మొదలువెట్టిన్రు. పిల్లలు కూడ అనేది. ఆయన నవ్వి, "బెల్లం సేఠ్ కన్న అదే మంచిగున్నది" అనేది.

మాపటీలి అన్నం తినుకుంట అత్తమ్మకు చెప్పేది. తలుపు చాటుకు కూసొని నేను వినేది. "ఒక్క మా బజారుకు మోరీ ఇయ్యుండ్రి అని నేను అడుగుతలేను. ఇయ్యాల ఒక సాబ్ దయతల్చి ఇస్తడు, రేపు ఇంకొక సాబ్ వచ్చి బందువెడ్తడు. కానూన్ల రాయాలె. నీళ్లు ఇడిసేటోడు ఆ నీళ్లు ఊరి అవుతలికి పోయేదాక అయ్యే ఖర్చుల తన హిస్సా పెట్టుకోవాలె. మోరీ కింది కొస నుంచి మీదికి కట్టుకపోవాలె. మీది నుంచి మొదలువెడితె పైసలు నడిమిట్ల ఒడుస్తయి, మల్ల మన గోడకాడికే వస్తది." నాకు ఆ మాటలు శాన నచ్చినయి. ఒకనాడు మాత్రం మోరీ ఎటు తీస్తరో చెప్పుకుంట, కాశిబుగ్గ దిక్కు ఇడువొచ్చు అన్నడు. నాకు అరికాళ్ల మంట నెత్తికెక్కింది. మామతోని ఎన్నడు మాట్లాడి ఎరుగ. తలుపు ఎనుక నుంచే, "అక్కడ మగ్గం నేసే సాలోళ్ల ఇండ్లు లేవా? ఆళ్ల బాయిలు బాయిలు గావా?" అన్న. అత్తమ్మ నా దిక్కు గుడ్లు ఉరిమింది. మామ చేతిల ముద్ద పళ్లెంల పెట్టిండు. "పిల్ల చెప్పింది నిజం. మనం మీది కొసోళ్లను తిట్టుకుంట మనమే మీది కొసోళ్లమైతాన్నం" అన్నడు. మర్నాడు పోయి ఊరి అవుతలి గడ్డి భూములోళ్లతోని మాట్లాడిండు. మోరీ నీళ్లు మా గడ్డికి ఇయ్యుండ్రి, మేం వద్దంటమా అని ఆళ్లు ఒప్పుకున్నరు. దరఖాస్తు మల్ల కొత్తగ రాయిచ్చిండు.

ఆఖరికి ఒక కబురొచ్చింది. ఊర్లల్ల మోరీల కోసం ఒక కానూన్ చేస్తాన్రట. ముందుగాల ఏ ఊరికి ఇయ్యాలెనో చూసి చెప్పుడుకు కౌన్సిల్ నుంచి ముగ్గురు మెంబర్లు తిరుగుతాన్రట. మా బజారుకు వస్తరు, మా గోడకాడికి వస్తరు. కండ్లతోని చూస్తె చాలు, ఇగ మామ చెప్పేదే ఉండదు. చూడకపోతె మల్ల ఎన్నేండ్లకో. మామ ముందునాడే ఆళ్లను కలుసుడుకు హన్మకొండ పోయిండు. మర్నాడు ఆళ్లతోనే వస్తనన్నడు. పోయేటప్పుడు, "పెద్దమనుషులు మనింట్ల చాయ తాగుతరు, జర చూడుండ్రి" అని చెప్పి పోయిండు.

ఇంకొక్క మాట చెప్పి పోతె ఆయన సొమ్మేం పోయేది? ఏం ముట్టకుండ్రి, ఏది ఎట్లుందో అట్ల ఉంచుండ్రి అని. చెప్పలే. ఇంటికి చుట్టం వస్తాండంటె ఆడోళ్లు ఏం చేస్తరో, అన్నేండ్ల సంసారం చేసిన మొగోనికి ఆ సోయి ఉండొద్దా?

మామ గడప దాటిండో లేదో అత్తమ్మ కొంగు నడుముకు చెక్కింది. "పట్నం నుంచి పెద్దమనుషులు వస్తాంటె గీ కంపుల కూసోవెడ్తమా? మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నది. బజారు ఆడోళ్లందరికి అదే మాట తోచింది. ఒక బండెడు మొరం తెప్పిచ్చి ఆ మురికిగుంట పూడ్చిన్రు. దాని మీద ఇసుక పోసిన్రు. గోడకు సున్నం కొట్టిన్రు. అత్తమ్మ ఇల్లిల్లు తిరిగి, రేపు పొద్దున ఆళ్లు పోయేదాక ఎవ్వలు సుక్క నీళ్లు వాకిట్లకు ఇడువొద్దని మాట తీసుకున్నది. మీది కొసకు ఉన్న ఆ షావుకారింటామె కూడ సై అన్నది. ఇజ్జత్ అందరిది కద! తెల్లారంగ అందరు అలుకు చల్లి ముగ్గులు పెట్టిన్రు. ఆ గుంట మీద, ఇసుక మీద పెద్ద ముగ్గు ఏసింది నేనే. మామిడాకులు కట్టినం. ఆ బజారు గంత అందంగ నేను అంతకు ముందు చూడలే, ఆ తరువాత చూడలే. ఇండ్లల్ల మాత్రం గంగాళాలు, బిందెలు, తొట్లు అన్ని మురికినీళ్లతోని నిండి మూతలు పెట్టి ఉన్నయి.

మోటర్ వచ్చి ఆగింది. ముందుగాల మామ దిగిండు. దిగి బజారు చూసిండు. అబ్బా, ఆ మొఖం నేను ఎట్ల చెప్పుదు! పండుగ చేసినట్టున్న ఆ వాకిట్ల ఆయనొక్కడు సావింట్ల నిలవడ్డట్టు నిలవడ్డడు. తలుపు సందుల నుంచి ఆయనను చూసినంక నాకు తెలివొచ్చింది, మేం ఏం చేసినమో.

మెంబర్లు దిగిన్రు. ఇద్దరు ముసలోళ్లు, ఒక పడుచు వకీలు. ముగ్గురు షేర్వానీలు ఏసుకున్నరు. బజారంత నడిచిన్రు. ముసలాయన ఒకాయన సంబురపడి, "వాహ్ సేఠ్ సాబ్, మా పట్నం గల్లీల కన్న మీదే సాఫ్ ఉన్నది" అన్నడు. మామ, "సాబ్, రోజు గిట్లుండదు..." అన్నడు. ముసలాయన ఆయన భుజం తట్టి నవ్విండు. దరఖాస్తులు పెట్టేటోళ్లందరు అట్లనే అంటరట. మామ ఇంకేం అంటడు? మా ఆడోళ్లు మిమ్ములను మోసం చేసిన్రు అంటడా? కూసొని చాయ తాగిన్రు, అత్తమ్మ చేసిన సకినాలు తిన్నరు, మంచిగున్నయన్నరు. లేచిన్రు. ఇంకో ఊరికి పోవాలెనట. నేను బిడ్డెను సంకల గట్టిగ పట్టుకొని, దేవుడా, ఒక్క వాన కొట్టియ్యి, ఇప్పుడే కొట్టియ్యి అని మొక్కుకున్న. ఎండ ఫెళ్లున కాస్తాంది.

మా ఇంట్ల ఒక పద్ధతి ఉండె. చుట్టాలు తిని లేస్తె చేతులకు నీళ్లు పోసేది ఇంటి పెద్దామెనే. పనోళ్లతోని పోయియ్యరు. అత్తమ్మ బాయికాడ నిలవడి బొక్కెనెడు చేది, చెంబుల పట్టి ఒక్కొక్కలకు పోసింది. ముసలోళ్లు కడుక్కొని జరిగిన్రు. వకీలు వచ్చిండు. తెలుగు పిలగాడే. చేతులు కడుక్కున్నడు, మొఖం మీద చల్లుకున్నడు. "అమ్మా, గీ నీళ్లు ఎంత సల్లగున్నయి! జర తాగుత, పొయ్యి" అని వంగి దోసిలి పట్టిండు.

దాహమని దోసిలి పట్టినోనికి మా దిక్కు ఎవలు లేదనరు. పగోడైనా సరే. అత్తమ్మ చెంబు ఎత్తింది. ఎత్తి వంచలే. లోపల మంచినీళ్ల కుండ ఉన్నది, లోపలికి రా బిడ్డా, ఆ నీళ్లు ఇస్త అంటె అయిపోయేది. మర్యాద కూడ దక్కేది. ఎందుకో ఆమె ఆ మాట అనలే. ఆ పిలగాడు వంగి ఉన్నడు, దోసిలి ఖాళీగ ఉన్నది, చెంబుల నీళ్లు ఒలికి ఆమె కాళ్ల మీదనే పడుతానయి. అందరు చూస్తాన్రు. వకీలు తలెత్తి, "ఏమైందమ్మా?" అన్నడు.

"తాగకు బిడ్డా" అన్నది అత్తమ్మ. "నువ్వు ఎవలి బిడ్డవో. మీ అవ్వ నీ కోసం చూస్తాంటది. ఇయ్యి తాగకు. నా బిడ్డెను ఈ నీళ్లే తిన్నయి."

చెంబు కింద పెట్టింది. పెట్టి, కొంగు నెత్తి మీదికి కప్పుకోను కూడ మరిచి, నడివాకిట్లకు వచ్చింది. నేను ఏసిన ముగ్గును కాలుతోని చెరిపింది. ఇసుకను గీకింది. అడుగున మొరం, మొరం సందుల నుంచి నల్లటి తడి. మీది కొస దిక్కు తిరిగి, గొంతు చించుకొని ఒక్క కేక పెట్టింది. "ఓ అక్కా! ఇడువుండ్రి! నీళ్లు ఇడువుండ్రి!"

మొదలు ఎవ్వలు కదలలే. మల్ల పిలిచింది. ఆ గొంతుల ఏం విన్నరో ఏమో, ముందుగాల గంగాళం గుమ్మరిచ్చింది ఆ షావుకారింటామెనే. తరువాత పక్కిల్లు, దాని పక్కిల్లు. నిన్నటి సంది ఆపిపెట్టిన బజారంత నీళ్లు ఒక్కసారి వచ్చినయి. ముగ్గులు కొట్టుకపోయినయి. మామిడాకులు, బూడిద, మెతుకులు, సబ్బు నురగ అన్ని కలిసి నల్లగ ఉరికొచ్చి మా గోడకు కొట్టుకొని నిలిచినయి. ముసలోళ్లు అంగలేసుకుంట అరుగెక్కిన్రు. వకీలు మాత్రం కదలలే. బూట్లు మునిగేదాక నిలవడి, గోడను చూసిండు, గోడ ఇవుతల బాయిని చూసిండు. మామను పిలిచి, "సేఠ్, మీ దరఖాస్తు నాకు ఇంకోసారి చెప్పుండ్రి, మొదటి నుంచి" అన్నడు. మామ చెప్పుడు మొదలువెట్టిండు. చెప్పుకుంటనే ఏడుస్తాండు.

ఆళ్లు పోయినంక అత్తమ్మ బాయి గట్టు మీద కూసున్నది. అన్నేండ్ల ఏడుపు ఆ పొద్దు ఏడ్చింది. నేను పక్కకు పోయి కూసొని పట్టుకున్న. నా దోస్తు కోసం నేను కూడ కడుపునిండ ఏడ్చిన. కొంచెంసేపటికి షావుకారింటామె వచ్చింది. మంచినీళ్ల బిందె తనే మోసుకొచ్చి మా గడప లోపల దించి పోయింది.

మోరీలు కట్టే ఊర్ల జాబితాల మా ఊరి పేరు ఎక్కిందని కబురైతె వచ్చింది. ఆ వకీలే కౌన్సిల్ల పట్టువట్టిండట. నీళ్లు ఇడిసేటోని హిస్సా, కింది కొస నుంచి కట్టుడు, అన్ని మామ చెప్పినట్టే రాసిన్రట. మామ బజారంత బెల్లం పంచిండు. రాసినంత మాత్రాన మోరీ వస్తదా? ఇంతల ఊర్లల్ల కొట్లాటలు, తొవ్వల పొంటి పోలీసులు, దఫ్తర్లకు తాళాలు. కాయితం ఏడున్నదో అడిగేటందుకు కూడ మనిషి లేడు. ప్రతి వానకు మేం బిడ్డెను మా నాయినింటికి పంపేది. ఆఖరికి రాజ్యమే మారిపోయింది. కొత్త సర్కారు వచ్చి పాత కాయితాలు తీసింది. మామ మల్ల కొత్త సాబుల చుట్టు తిరిగిండు. మీది కొసల కొందరు మాకెందుకు పన్ను అని లొల్లి పెట్టుకున్నరు, షావుకారింటామె తన మొగన్ని ముందు నడిపిచ్చి అందరి నోర్లు మూయిచ్చింది. గడ్డి భూములకాడ మొదలువెట్టి, రాయి రాయి పేర్చుకుంట మోరీ మా గోడకాడికి వచ్చింది. గోడ దాటి మీదికి పోయింది. మామ దాని ఎంట రోజు నడిచేది.

నీళ్లు పారుడు మొదలైనంక కూడ అత్తమ్మ నమ్మలే. బాయి మొత్తం తోడి పారబోయిచ్చింది. డాక్టరు మందు ఏసిండు. ఒక వానకాలం చూద్దాం అన్నది. ఆ వానలు పోయినంక డాక్టరు వచ్చి ఇగ తాగొచ్చని చెప్పిండు. సరే అనలే. ముందుగాల తను తాగింది. ఎవ్వలను ముట్టనియ్యకుండ కొన్నొద్దులు తనొక్కతే తాగింది. పాణం మీద తీపి లేదా అని మామ తిడితె, "నాకేమన్న అయితె మీకు ఎరుకైతది కద" అన్నది.

ఒకనాడు పొద్దున నా బిడ్డె వాకిట్ల ఆడుకుంటాంది. అత్తమ్మ బొక్కెనెడు నీళ్లు చేది, చెంబు ముంచి, దాని దిక్కు చూసి పేరు వెట్టి పిలిచింది. నేను పొయ్యికాడ ఉన్న, చేతిల గంటె జారింది. నా బిడ్డె తిరిగి చూడలే. నాయనమ్మ నోట్ల తన పేరు అది ఎన్నడు విని ఎరుగదు. ఇంకెవలినో పిలుస్తాందనుకున్నది. అత్తమ్మ మల్ల పిలిచింది, ఆ పేరుతోనే, జర గట్టిగ.

నా బిడ్డె ఉరికొచ్చి దోసిలి పట్టింది. అత్తమ్మ చెంబు వంచింది.